నోవహు పడగొట్టిన తీరు

శుక్రవారం మస్కట్ పక్కనున్న మబేలాలో నేల అదిరితే నోవహు ఆటకొచ్చాడని జనం అనుకునేవారు. కాకినాడ మనిషి. ఆస్పత్రిలో రోగుల్ని మంచాల మీదికి మార్చే డ్యూటీ. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో మాత్రం బంతి విసిరేవాణ్ణి పడగొట్టడం అతని పని. నాలుగేళ్లుగా ఒక్కణ్ణీ పడగొట్టలేదు. ఎదుటివాడికి దెబ్బ తగులుతుందేమోనని పట్టుకుని వదిలేసేవాడు.

"ఇయ్యాల పడెయ్యకుంటే టీమ్‌ల ఉండవు భాయ్," అన్నాడు కోచ్ ఫర్హాన్.

గట్టు మీద కూర్చున్న భార్య దెబోరా లేచి కోచ్ పక్కకొచ్చి నిలబడింది.

నోవహు కదిలాడు. అడ్డొచ్చిన ఇద్దరు బండమనుషుల్ని చెరో చంకలో ఇరికించుకునే దూసుకెళ్లాడు. ఆ గాలికి గట్టు మీదివాళ్ల టోపీలు వంద కిలోమీటర్ల అవతలున్న ఖబూరా దాకా ఎగిరిపోయాయి. ఇద్దర్నీ వదిలేసి బంతివాణ్ణి చుట్టేశాడు. అంతలో అలవాటైన చేతులు ఒకటి మెడ కిందికి, ఒకటి మోకాళ్ల కిందికి పోయాయి. ఆపరేషనైన రోగిని పరుపు మీదికి దించినట్టు అతన్ని నేలకు ఆనించాడు.

రిఫరీ విజిల్ వేశాడు. పడగొట్టినట్టే లెక్క.

"పడేసిండా, పండబెట్టిండా?" ఫర్హాన్ నోరు తెరిచాడు.

"వీపు నేలకు తగిలింది కదండీ," అంది దెబోరా. "ఇంక ఆయన్ని తీసెయ్యడానికి లేదు."

కిందివాడు కళ్లు తెరవలేదు.

"జరసేపు లేపకు భాయ్," అన్నాడు.