విమానం కడుపులో డబ్బీని నేను సరిచేసిన వైనం

ఎవరూ అడగకుండానే, ఉత్త చేతులతో, నేనొక విమానాన్ని కూల్చాను. అదీ గాలిలోకి లేవకముందే. దాంతోపాటు మా బామ్మర్ది పెళ్లిని కూడా కూల్చబోయాను. ఎట్లాగో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నా భార్య ఇరవై ఏళ్లుగా నవ్వుతూనే ఉంది.

ముందు నా రోగం గురించి చెప్పాలి. నలభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చాను. చిన్నప్పుడు నేర్చినవాడు చదివి ఊరుకుంటాడు. ముదిరాక నేర్చినవాడు ఊరుకోడు. బిజినేపల్లిలో బస్సెక్కితే వనపర్తి దాకా ప్రతి బోర్డూ పైకి చదివేవాణ్ని. పక్క సీటు వాళ్లు లేచి నిలబడి ప్రయాణం చేసేవాళ్లు. అక్షరమంటే నాకు సరస్వతి. కాలికి కాగితం తగిలితే కళ్లకద్దుకునేవాణ్ని. తలకిందులుగా ఉన్న అక్షరం కనిపిస్తే ప్రాణం ఒప్పేది కాదు. ఒకసారి ఎదురింటాయన ఎరువు బస్తా తలకిందులుగా నిలబెట్టాడని తిప్పి పెట్టాను. విప్పిన మూతి కిందికి పోయిందని, ఎరువంతా అరుగు మీద పారాకగానీ తెలియలేదు. అప్పుడే బుద్ధి రావలసింది. రాలేదు.

ఇక మా బామ్మర్ది రంగన్న. ఆత్మకూరులో టీవీలు, రేడియోలు బాగుచేసే దుకాణం. తాగడు, చుట్ట ముట్టడు. ఉన్న వ్యసనమల్లా ఒకటే: రిమోట్‌తో ఎగిరే చిన్న విమానం. చిన్నదంటే మరీ చిన్నది కాదు, రెక్కలు నేను చేతులు చాపినంత. దూలానికి వేలాడే ఆ విమానాన్ని చూసి, పిల్లనివ్వడానికి వచ్చిన వాళ్లు చాయ్ కూడా తాగకుండా లేచిపోయేవాళ్లు. అట్లా వాడికి ముప్ఫై రెండేళ్లు వచ్చేశాయి.

గద్వాలలో చీరలు నేసే నర్సప్ప ఒక్కడే లేచిపోలేదు. పైకి చూశాడు, చాయ్ తాగాడు, తీర్పు చెప్పాడు.

"పిల్లగాడు మంచోడే. గాని ఈ ఆటేందో నేను కండ్లార చూడాలె. నేరుగ నడిపిండా, పిల్లనిస్త. వంకర పోయిందా, మళ్ల నన్నడగొద్దు."

నేతగాడు కదా, నేరుగా ఉండడం అంటే ఆయనకు ప్రాణం.

రంగన్నకు బెంగ పట్టుకుంది. గాలి కొడితే ఆ విమానం తోక పక్కకు ఊగుతుంది. అందుకని హైదరాబాదు నుంచి అగ్గిపెట్టెంత డబ్బీ ఒకటి తెప్పించాడు. పేరు జైరో.

"గిదేం చేస్తదిరా?" అన్నాను.

"బండి తోలేటప్పుడు ఎద్దు ఎడమకు గుంజితే నువ్వేం చేస్తవ్ బావా?"

"కుడి పగ్గం గుంజుత."

"గిది గూడ గదే చేస్తది. తోక ఎటు జరిగినా కనిపెట్టి, దానికి ఎదురు గుంజుతది. మనం చెప్పనక్కర లేదు."

నాకు నచ్చింది. చెప్పకుండా పనిచేసేవాళ్లంటే నాకు గౌరవం. నేనూ అదే బాపతు, అదే కదా వచ్చిన చిక్కు.

ఆ ఆదివారం పొద్దున ఆత్మకూరు బయటి బీడు భూమిలో విమానం పెట్టాం. రంగన్న పెళ్లివారిని తీసుకురావడానికి బస్టాండుకు బయలుదేరాడు.

"బావా, జర ఈడనే కూసో. కుక్కలొస్తే అదిలించు. దేన్నీ ముట్టకు."

"నేనెందుకు ముట్టుత రా?"

కుక్కలు రాలేదు. వచ్చినా బాగుండేది, వాటితో పొద్దుపోయేది. విమానం కడుపు మీది మూత తీసే ఉంది. తొంగి చూశాను. లోపల జైరో. ఆ డబ్బీ అంచు మీద అచ్చువేసిన అక్షరాలు గబ్బిలాల్లాగా తలకిందులుగా వేలాడుతున్నాయి!

 పెళ్లిచూపుల నాడు సరస్వతికి ఇంత అవమానమా? తొందరలో తప్పుగా అతికించి ఉంటాడు పిల్లగాడు, పెద్దవాణ్ని నేనున్నది ఎందుకు? స్పాంజి పట్టీ మీంచి డబ్బీని మెల్లగా ఊడదీశాను. కళ్లకద్దుకున్నాను. అక్షరాలు నిటారుగా నిలబడేట్టు తిప్పి, గట్టిగా ఒత్తాను. మూత కూడా పెట్టేశాను, దుమ్ము పడకుండా. నా అంత పనిమంతుడు జిల్లాలో లేడనుకుంటూ మళ్లీ కూర్చున్నాను.

ఆటోలోంచి నర్సప్ప దిగాడు, చేతిలో గొడుగు. వెనకే ఆయన కూతురు సరోజ, పదో తరగతి పాసైన పిల్ల.

"నీళ్లున్నయా కాకా?" అని నన్నడిగింది. చెంబు ఇచ్చాను. నర్సప్పకు కుర్చీ వేశాం.

రంగన్న విమానం ఎత్తబోతూ, "ఒక్కసారి తోక చూస్కుంట" అన్నాడు.

"పొద్దుగాల చూస్కున్ననంటివి గద నాయనా. మాకు బస్సుంది, జల్ది కానియ్యి" అన్నాడు నర్సప్ప.

కాబోయే మామ మాట. రంగన్న ఇంజను తిప్పాడు.

విమానం నాలుగు గజాలు బాగానే ఉరికింది. గాలికి తోక కాస్త జరిగి ముక్కు ఎడమకు తిరిగింది. అంతే. ఇంకా ఎడమకు, ఇంకా ఎడమకు, తన తోకను తానే పట్టుకోబోయే కుక్కపిల్లలాగా గిర్రున తిరిగింది. రంగన్న కుడికి తిప్పాడు. ఈసారి కుడికి గిర్రున తిరిగింది. వేగం తగ్గించబోయి, కంగారులో పెంచాడు. అది సరాసరి నర్సప్ప మీదికి వెళ్లి, ఆయన కుర్చీ చుట్టూ తిరగసాగింది.

"ఏందయ్యా గిది!" నర్సప్ప కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"ప్రదక్షిణం చేస్తుందన్నా! మామ అని గుర్తుపట్టింది!" అని అరిచాను నేను. ఏదో ఒకటి అనాలి కదా.

"మామైతే మా నాయినను కొయ్యనెందుకొస్తుందో అడుగుండ్రి దాన్ని!" అని సరోజ కేక.

మూడో చుట్టుకు నర్సప్ప జారవిడిచిన గొడుగును ముక్కలు చేసి, అది తుమ్మపొదలోకి దూరింది. ఒక రెక్క విరిగి బయటే ఆగిపోయింది, లోపలికి పోవడానికి మొగమాట పడినట్టు.

రంగన్న మెల్లగా నడిచి వెళ్లాడు. మూత తీశాడు. లోపలికి చూశాడు.

"బావా."

"ఏందిరా?"

"ముట్టినవా?"

"ముట్టలే." నేను లేచి నిలబడ్డాను. "సరిచేసిన. అక్షరాలు తలకిందులున్నయ్ రా..."

"కావాలనే తిరగేసి పెట్టిన బావా. ఈ డబ్బీకి గుంజే దిక్కు మార్చే బొత్తం లేదు. తిరగేస్తెనే ఎదురు గుంజుతది. నువ్వు తిప్పినవ్. ఎద్దు ఎడమకు పోతే ఎడమ పగ్గమే గుంజింది."

అంతే అన్నాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. విరిగిన రెక్కను ఒళ్లో పెట్టుకొని నేల మీద కూర్చున్నాడు. తిడితే బాగుండేది. పెళ్లి పోయింది, విమానం పోయింది, మధ్యలో నేనున్నాను చెంబులాగా.

సరోజ వచ్చి ఆ డబ్బీ తీసి చూసింది.

"దీని మీద ఏం రాసుందో చదివినవా?"

"ఇంగిలీషుల ఉంది. బోర్డుల మీద చూసి నిటారేదో తెలుసు గాని, చదివేది తెలుగే."

"నేను చదువుత విను. 'చైనాలో తయారైంది.' దీనికా ఇంత చేసినవ్, అన్నా?"

నాకు సిగ్గు వేసింది. ఆ వెంటనే ఇంకేదో తట్టింది. పొద్దున నేను కాకా. ఇప్పుడు అన్నా. నా బామ్మర్దిని చేసుకునే పిల్లకే కదా నేను అన్ననయ్యేది!

నర్సప్ప కూడా విన్నాడు. కుర్చీ దిగి, గొడుగు పుల్లలు ఏరుకుంటూ అన్నాడు: "మేం గూడ కొన్ని కొంగులు తిరగేసే నేస్తం. పైకి చూస్తే అన్నీ దారప్పోగులే. అందం కిందికుంటది. చూసెటోడు తిప్పొద్దు, గంతే." తర్వాత రంగన్న వైపు తిరిగాడు. "ఇంత నష్టం చేసినోన్ని ఒక్క మాట అనలేదు నువ్వు. నా బిడ్డ నీ ఇంట్ల ఏం పగలగొట్టినా పరేషాన్ లేదు. పిల్లనిస్త. గాని పెండ్లి పందిట్ల మీ బావను దేన్నీ ముట్టనియ్యొద్దు."

ముట్టనివ్వలేదు. పెళ్లిలో మూడు పూటలూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో విస్తరి పెట్టి ఉంచారు. హాయిగా తిన్నాను.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, విరిగిన ఆ రెక్క మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తలకిందులుగా ఉన్న అక్షరం కనిపిస్తే, నేనే తలకిందులుగా నిలబడి చదువుతాను. దాన్ని మాత్రం తిప్పను.