తండ్రి ఎత్తు

సెఫెరీనో పొట్టివాడని ఊళ్ళో ఎవరూ జాలిపడింది లేదు. నవ్వడం మాత్రం తనివితీరా నవ్వారు. కాఫీ గింజల మూట భుజాన వేసుకుని అతను వాలు దిగుతుంటే కింద నుంచి చూసేవాళ్ళకి మనిషి కనబడేవాడు కాదు. "అదుగో, మూట తనంతట తానే నడిచొస్తోంది!" అని కేకలేసేవారు. అతనూ వాళ్ళతో పాటు నవ్వేవాడు. నవ్వకపోతే వాళ్ళు ఇంకా నవ్వుతారని చిన్నప్పుడే తెలుసుకున్నాడు. కానీ అతని కాళ్ళు చూసినవాళ్ళు కాస్త వెనక్కి తగ్గేవారు. పిక్కలు పొత్రాల్లా ఉండేవి. ప్వెర్తో రీకో నడిమి కొండల్లో చిన్ననాటి నుంచీ మూటలతో ఎక్కి దిగిన కాళ్ళవి.

ఆ కాళ్ళే కొడుక్కి వచ్చాయి. అబ్దియెల్‌కి పదిహేడేళ్ళు. హైస్కూలు బేస్‌బాల్ జట్టులో క్యాచర్, అంటే బ్యాటు పట్టినవాడి వెనక ముఖానికి ఇనుప ముసుగేసుకుని, గొంతుక్కూర్చుని, వచ్చిన బంతినల్లా పట్టేవాడు. సెఫెరీనోకి ఆ ఆట సగమే అర్థమవుతుంది. అయినా పిల్లాడు చిన్నగా ఉన్నప్పటి నుంచి వాలు పైన నిలబడి రాలిన నారింజకాయలు దొర్లించేవాడు. కింద వాడు మోకాళ్ళ మీద వాలి, ఒంటిని అడ్డుపెట్టి ఆపాలి. తప్పిపోయిన కాయ తిన్నగా లోయలోకి పోయేది. రాయికి తగిలి ఎటు ఎగురుతుందో తెలియని కాయను ఛాతీతో ఆపడం వాడికి అలా అబ్బింది. నేలకు కొట్టుకుని లేచిన బంతిని వాడిలా ఆపే కుర్రాడు ఆ కొండల్లో ఇంకొకడు లేడు.

కిందటి సెప్టెంబరులో తుఫాను వచ్చి కాఫీ చెట్లను వేళ్ళతో సహా పీకి లోయలో పారేసింది. మోయడానికి మూటలే లేవు. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. పైకి ఎవరూ అనకపోయినా ఇంటిల్లిపాది ఆశా అబ్దియెల్ మీదే నిలిచింది. అలాంటప్పుడు పెద్ద క్లబ్బుల కోసం కుర్రాళ్ళను చూసిపెట్టే దొన్ అనిబాల్ శనివారం మ్యాచ్‌కి వస్తున్నాడని తెలిసింది. ఈ ముసలాయన చెప్పిన పేరుని క్లబ్బువాళ్ళు కాదనరని కొండల్లో అందరూ అనుకుంటారు.

ఆ సాయంత్రం అబ్దియెల్ అన్నంలో బీన్సు కలుపుతూ తల ఎత్తకుండా మొదలుపెట్టాడు.

"ఆయన ముందు తండ్రిని చూస్తాడంట. కుర్రాడి ఎముక ఇంకా ఎంత సాగుతుందో తండ్రి ఒడ్డూ పొడుగూ చూసి చెప్పేస్తాడంట. కోచ్ చెప్పాడు."

"చూడనీరా, దానికేం," అన్నాడు సెఫెరీనో.

"అది కాదు నాన్నా..."

తల్లి మిగ్దాలియా గరిటె ఆపింది. "మరేంట్రా?"

"పోలో మామని తీసుకురమ్మన్నాడు కోచ్. నాన్న అని చెప్పి."

పోలో అబ్దియెల్‌కి జ్ఞానస్నానం ఇప్పించిన జ్ఞానతండ్రి, లారీ డ్రైవరు. రక్తసంబంధం బొత్తిగా లేదు. తల వంచనిదే ఏ గుమ్మంలోనూ పట్టని మనిషి.

"సిగ్గుండాలి!" అంది మిగ్దాలియా. "కన్నతండ్రి ఎదురుగా కూర్చుని ఆ మాట ఎలా అన్నావురా? నన్ను కూడా ఆ పోలో పక్కన పెళ్ళాంలా కూర్చోబెడతావా ఏం?"

"నిన్ను రమ్మన్లేదులే అమ్మా."

ఊరంతా నవ్వినా సెఫెరీనో ఇంతగా ఎప్పుడూ నొచ్చుకోలేదు. అయినా పిల్లాడి వంక చూస్తే వాడి చెవులు సిగ్గుతో ఎర్రబడి ఉన్నాయి. వాడికీ తేలిక కాదనుకున్నాడు.

"పోనీవే. ఒక్కపూట పొడుగాటి నాన్నని పెట్టుకుంటే నా సొమ్మేం పోయింది? నేను ఇంట్లోనే ఉంటాలే," అని నవ్వాడు.

శనివారం పొద్దున ఆ మాట కాసేపే నిలబెట్టుకోగలిగాడు. మైదానం నుంచి అరుపులు కొండ మీదికి వినిపిస్తుంటే కాళ్ళు ఆగలేదు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని వెళ్ళి, మెట్ల వరసల్లో పైన, రేకు నీడలో ఓ మూల కూర్చున్నాడు. కింద కంచె దగ్గర పోలో ఇస్త్రీ చొక్కాలో నిలబడి "కానీరా కొడకా! మీ నాన్న పేరు నిలబెట్టు!" అని గొంతు చించుకుంటున్నాడు.

ఎండ ముదిరేసరికి గడ్డి టోపీ ముసలాయన ఒకడు నీడ వెతుక్కుంటూ పైకొచ్చాడు. "ఏమయ్యా, ఇక్కడెవరైనా ఉన్నారా?" అని అడిగి పక్కనే చతికిలబడ్డాడు. చేతిలో స్టాప్‌వాచీ చూడగానే సెఫెరీనోకి అతనెవరో తెలిసిపోయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు గానీ ముసలాయన అప్పటికే ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి చేతికిచ్చాడు.

"ఆ క్యాచర్‌ని చూడు," అన్నాడు దొన్ అనిబాల్. మాట్లాడే తోడు దొరికితే వదిలే మనిషి కాడు. "బంతి పట్టేటప్పుడు చెయ్యి కదలదు. అంత దూరాన ఉన్న రెండో బేస్‌కి విసిరాడు చూశావా? ముందు పాదాలు తిరిగాయి, చెయ్యి వాటి వెనకే వచ్చింది. అదిగో, మళ్ళీ నేలకి కొట్టుకున్న బంతి! ఎలా ఆపాడో చూడు! అది వాడికి ఎవరు నేర్పారో గానీ వాళ్ళ చేతులు కళ్ళకద్దుకోవాలి."

నారింజకాయల సంగతి సెఫెరీనో నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. తన గురించి ఎవరైనా ఇంత గొప్పగా మాట్లాడగా అతను వినడం అదే మొదటిసారి.

"ఇక ఒక్కటే తేలాలి. వీడి తండ్రి ఎక్కడ?" అని కిందవాళ్ళకి కేకేశాడు.

ఎవరో కింద నుంచి పోలోని పంపారు. పోలో మెట్లు రెండేసి చొప్పున ఎక్కొచ్చి ముసలాయన చెయ్యి ఊపేశాడు. "నేనేనయ్యా తండ్రిని! మా వంశమంతా ఇంతే. మా నాన్నయితే నాకన్నా జానెడు పొడుగు!" అని, వెళ్తూ వెళ్తూ సెఫెరీనోకి కన్ను గీటాడు.

దొన్ అనిబాల్ స్టాప్‌వాచీ జేబులో పడేశాడు.

"పోయింది," అన్నాడు. "తలుపు చట్రమంత ఉన్నాడు మనిషి. రెండేళ్ళలో వీడూ అంతవుతాడు. అంత పొడుగువాడు రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చుంటే మోకాళ్ళు ఎన్నాళ్ళుంటాయి? ఇలాంటివాళ్ళని తీసుకుని ఇదివరకే తిట్లు తిన్నాను. ఈ ఏడాది నేను చెప్పేది ఒక్క క్యాచర్ పేరే. తండ్రి పొట్టిగా, గట్టిగా ఉంటే చాలు దేవుడా అనుకుంటూ వచ్చాను. ఇదిగో, నీలా అనుకో."

సెఫెరీనో ఫ్లాస్కు మూత కింద పెట్టాడు.

"అయ్యా, వాడు నా కొడుకండీ," అన్నాడు. "అతను జ్ఞానతండ్రి. మీరు పొడుగు చూస్తారని కోచ్ చెబితే పిల్లాడు భయపడి..."

ముసలాయన అతన్ని ఎగాదిగా చూశాడు. "ఆ ప్యాంటు పైకి లాగు."

సెఫెరీనో మోకాలి దాకా లాగాడు. ముసలాయన ఆ పిక్క చూసి, కింద గొంతుక్కూర్చున్న కుర్రాడి పిక్క చూసి, పకపకా నవ్వాడు. "ఓరి మీ తెలివి తెల్లారా! నువ్వే తండ్రివైతే ఇవాళే క్లబ్బుకి ఫోన్ చేస్తా. ఆ మాట వాడి నోటితో చెప్పించు, చాలు."

జట్లు మారే విరామంలో అబ్దియెల్‌ని కంచె దగ్గరికి పిలిచారు. వాడు ముసుగు పైకెత్తి చూసేసరికి దొన్ అనిబాల్ పక్కన తండ్రి ఉన్నాడు, ఒక కాలి ప్యాంటు ఇంకా మోకాలి దగ్గరే ఉంది. వాడి మొహం పాలిపోయింది.

"ఈయనెవరు బాబూ?" అని అడిగాడు ముసలాయన, మెత్తగానే.

"మా వాడలో ఉంటాడు సార్. మా నాన్న అదిగో ఆయన," అని పోలోని చూపించాడు అబ్దియెల్.

"ఖాయమేనా? నిజం చెబితే నేనేమీ అనుకోను."

"మా అమ్మ మీద ఒట్టు సార్. ఈయన నాకేమీ కాడు."

ఆ మాట అంటున్నప్పుడు వాడు తండ్రి వంక చూడలేదు. చూసుంటే ఆ కళ్ళు వద్దురా వద్దురా అంటున్నాయని తెలిసేది. నలుగురి ముందూ కొడుకుని అబద్ధాలకోరని నిలబెట్టడానికి సెఫెరీనోకి నోరు రాలేదు. వాడు మైదానంలోకి తిరిగి వెళ్ళాక సెఫెరీనో ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు.

"పసివాడండీ. మీరు వద్దంటారని భయంతో అన్నాడు."

"చూడవయ్యా," అన్నాడు దొన్ అనిబాల్. ఇప్పుడు అతని గొంతులో నవ్వు లేదు. "వాడు చెప్పింది నిజమైతే తాడిచెట్టులా పెరుగుతాడు. నువ్వు చెప్పింది నిజమైతే, తల్లి మీద ఒట్టేసి తండ్రిని కాదన్నాడు. నాకు రెండు విధాలా పనికిరాడు." ఆట ముగియకుండానే కారెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే అబ్దియెల్ ముసుగు విసిరి గోడకు కొట్టాడు.

"ఎందుకొచ్చావ్? ఇంట్లో ఉంటానన్నావుగా! పిక్కలు చూపించడానికొచ్చావా? నిన్ను చూశాకే కదా వెళ్ళిపోయాడు! అంతా నీ వల్లే, నీ పొట్టితనం వల్లే!"

సెఫెరీనో దగ్గర ఒక్క మాట ఉంది. ‘మా నాన్నే’ అని నువ్వు ఒప్పుకుని ఉంటే ఈపాటికి క్లబ్బుకి ఫోన్ వెళ్ళేదిరా అనే మాట. వాడు అన్నదానికి ఆ జవాబు సరిపోయేది. ఏడుపు ఆపుకోలేక వంకర్లుపోతున్న వాడి మొహం చూశాడు. ఆ మాట ఒకసారి చెవిన పడితే జన్మలో వాడు దాన్ని దించుకోలేడనిపించింది. మూటలు మోయడం తనకు అలవాటే.

"అవున్రా," అన్నాడు. "నేను రాకుండా ఉండాల్సింది."

మిగ్దాలియా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, అన్నం వడ్డించింది.

జూన్‌లో క్లబ్బులు కుర్రాళ్ళ పేర్లు ప్రకటించాయి. అబ్దియెల్ పేరు ఎక్కడా రాలేదు. తర్వాత తాపీ పని నేర్చుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. ఆ శనివారం నాటికి ఎంత ఉన్నాడో అంతే, ఆపైన అంగుళం పెరగలేదు. ఆదివారాలు కొట్టు ముందు బీరు తాగుతూ, అడిగినవాడికీ అడగనివాడికీ ఆ కథ చెబుతాడు. నాకన్నీ ఉన్నాయి, చేతులున్నాయి, కాళ్ళున్నాయి, మా నాన్న ఎత్తు ఒక్కటే నన్ను ముంచింది అంటాడు. జనం నవ్వుతూ పక్క బల్ల మీద కూర్చున్న ముసలి తండ్రి వైపు తిరుగుతారు.

"నిజమే," అంటాడు సెఫెరీనో, తనూ నవ్వుతూ.