పీతకు చుట్టిన రిబ్బను

నా చిన్నప్పుడు వేసవి సెలవులు ఇచ్చారంటే పట్నంలో, మా భవానీపురంలో ఒక్కరోజు కూడా నిలిచేదాన్ని కాదు. మా పెదనాన్న ఫారెస్టరు. కృష్ణ సముద్రంలో కలిసే చోట, మడ అడవి పక్కనే ఆయన క్వార్టర్సు. అడవిని అందులో బతికేవాళ్ళే కాపాడగలరని పైఅధికారులతో వాదించి, యానాది ఆడవాళ్ళకు పీతలు పట్టుకునే అనుమతి ఇప్పించారు. మడ మొక్కలు నాటేదీ వాళ్ళే. గుడ్డున్న పీతను తేకూడదని, తెస్తే రెండు వారాలు అడవిలోకి రాకూడదని కట్టుబాటు పెట్టుకున్నదీ వాళ్ళే.

వాళ్ళలో ఒక అక్క కొంగు పట్టుకుని తిరిగేదాన్ని. బొరియలో మోచేతిదాకా చెయ్యి పెట్టి పీతను లాగి, చూస్తుండగానే కాళ్ళు కట్టేసేది. ఒకరోజు పళ్ళెమంత ఆడపీత దొరికింది. తిప్పి, పొట్ట కింద గుడ్డు నాకు చూపించింది.

"ఈటిని వదిలితేనే పాపా, మళ్ళేడు మనకి పీతలుండేది."

పోయేటప్పుడు లోతులో వదలాలని దాన్ని తాడుతో కట్టి గట్టున పెట్టింది.

గుడ్డుపీత పులుసంటే నాకు ప్రాణం. అక్క అటు తిరగగానే దాన్ని ఆమె బుట్ట అడుగుకు చేర్చాను. తాడు వదులైందని నా జడ రిబ్బను విప్పి చుట్టాను. గట్టున పీత కనబడకపోతే తాడు తెంపుకుని పోయిందనుకుంది పాపం. రేవులో బుట్టలు చూస్తారన్న సంగతి నా బుర్రకు తట్టనేలేదు.

రేవులో అందరి ముందూ అక్క తన బుట్ట తనే వంచింది. ఎర్ర రిబ్బను ముందు ఆమెకే కనబడింది. చటుక్కున లాగి రొంటిన దోపుకుంది. పెదనాన్న ఆ పీతను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

"నువ్వేనా అమ్మా?" అన్నారు.

"తప్పయిపోయిందయ్యా."

నేను ఆయన పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

మర్నాడు మిగతావాళ్ళు పడవెక్కే వేళకు అక్క క్వార్టర్సుకు వచ్చింది. రిబ్బను ఉతికి తెచ్చింది. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి జడ వేసింది.

"పట్నం పిల్లవి, నీకు తెలవదుగా పాపా," అంది.

నాకు తెలుసు. గుడ్డు చూపించి మరీ చెప్పింది కదా. అయినా తల ఊపాను.

పెదనాన్న పోయేదాకా ఆయనకు ఈ మాట చెప్పలేకపోయాను. ఇప్పటికీ మార్కెట్లో "గుడ్డుపీతండీ, తీసుకోండి" అంటే వద్దని వచ్చేస్తాను, అదేదో పెద్ద ప్రాయశ్చిత్తమైనట్టు. మనవరాలికి జడ వేసి రిబ్బను కట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఆ రెండు వారాలు అక్క ఇంట్లో ఏం తిన్నారో నేను ఒక్కసారి కూడా అడగలేదు.