కూతకెళ్ళినవాడికి అశ్రునివాళి

మొన్న సాయంత్రం వాకిట్లో పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఎదురింటి అమ్మాయి ఫోను పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నోరు విప్పితే కాలేజీ కబుర్లే. వచ్చే ఆదివారం మా నరసరావుపేట కాలేజీకీ మాచర్ల కాలేజీకీ కబడ్డీ పోటీ అట. వారం ముందునుంచే రెండువైపుల పిల్లలూ వాట్సాప్‌లో ఒకళ్ళనొకళ్ళు ఉతికి ఆరేసుకుంటున్నారు. "ఆంటీ, ఎవరిది పైచెయ్యో మీరే చెప్పండి" అంటూ పక్కన చతికిలబడి చదవడం మొదలుపెట్టింది. మావాళ్ళేమో, "మాచర్లోళ్ళు వచ్చేటప్పుడు కట్లు కట్టుకునే గుడ్డలు మీరే తెచ్చుకోండి, మా ఊళ్ళో ఆసుపత్రులు చానా ఉన్నాయి గానీ మీ అందరికీ మంచాలు చాలవు" అని పెట్టారు. దానికి అవతలివాళ్ళు, "మీ ఊళ్ళో సందుకో ఆసుపత్రి ఎందుకుందో ఇప్పుడు తెలిసింది, ఏటేటా మా చేతిలో తన్నులు తింటారు గదా" అని తిప్పికొట్టారు. నాకు నవ్వాగలేదు. మా ఊరిదాన్నయినా పైచెయ్యి మాచర్లదేనని ఒప్పేసుకున్నాను. అప్పుడా పిల్ల ఇంకోటి చూపించింది. మా కెప్టెన్ కుర్రాడి ఫోటోకి ఎవరో పూలదండ వేసి, పక్కన దీపం బొమ్మ పెట్టారు. "తీసెయ్యమని చెప్పు. ఇప్పుడే తీసెయ్యమను" అన్నాను. "జోకే గదాంటీ" అంది. ఒళ్ళు మండి గట్టిగా కసిరాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది పాపం. ఆ పిల్లకు చెప్పాల్సింది చెప్పలేక ఇక్కడ రాసుకుంటున్నాను.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. మా అక్కను బెల్లంకొండ దగ్గర ఒక పల్లెకిచ్చారు, నన్ను నరసరావుపేటకిచ్చారు. అక్కకు ఒక్కడే కొడుకు. డిగ్రీకి మా ఊరొచ్చి మా ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు. చదువు అని మర్యాదకి అంటున్నాను గానీ, వాడు పుట్టింది కబడ్డీకి. కూతకెళ్ళాడంటే అవతలి గీత తాకి, ఇద్దరిని తట్టి, ముసిముసిగా నవ్వుతూ వెనక్కొచ్చేవాడు. కాలేజీ జట్టుకు వాడే కెప్టెను. ఇక మా మరిది కాపురం మాచర్లలో. ఆయన కొడుకు అక్కడి కాలేజీలోనే చదివేవాడు. వీడికి ఆట రాదు, నోరొచ్చు. మాచర్ల జట్టు ఎక్కడాడినా ఈలలు, డప్పులు, అరుపులు, అన్నిటికీ పెద్దమనిషి వీడే. వరసకు ఇద్దరూ అన్నదమ్ములు. పండక్కో పెళ్ళికో మా ఇంట్లో కలిస్తే నాకు వంట చెయ్యడం కష్టమయ్యేది, నవ్వి నవ్వి చేతిలో గరిటె నిలిచేది కాదు. "ఏందన్నా, మీ పిన్ని చేతి ముద్దపప్పు తిని తిని బరువెక్కినట్టుండావు, మావాళ్ళు నిన్ను పట్టుకునేది లేదంట, దొర్లించుకుంటా తీసుకుపోతారంట" అనేవాడు మాచర్లవాడు. "ఒరేయ్, మీవాళ్ళ కాళ్ళు చూశావా ఎప్పుడన్నా? మిరపకట్టెలు నయం" అనేవాడు మావాడు. ఒకే కంచంలో తినేవాళ్ళు ఆ తిట్లు తిట్టుకుంటూనే.

ఇక్కడ మా ప్రాంతపు ఫ్లెక్సీల సంగతి కాస్త చెప్పాలి. మాకు ఫ్లెక్సీ లేకుండా ఏదీ జరగదు. చెవులు కుట్టిస్తే ఫ్లెక్సీ, ట్రాక్టరు కొంటే ఫ్లెక్సీ, నాయకుడు ఆ దారిన పోతే ఫ్లెక్సీ, మనిషి పోతే రెండు ఫ్లెక్సీలు. పైన పెద్ద ఫోటో ఎవరిదైనా సరే, కింద వరసగా కట్టించినవాళ్ళ మొహాలు ఉండి తీరాలి. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, ఏదో రాజ్యం నడుపుతున్నట్టు దిగిన ఫోటోలే అన్నీ. చావు ఫ్లెక్సీ మీద కూడా ఆ కళ్ళద్దాలు తియ్యరు. కాలేజీ పిల్లలకీ అదే పిచ్చి. పోటీకి ముందు అవతలి ఊరు వెళ్ళి, వాళ్ళను వెక్కిరిస్తూ ఫ్లెక్సీ కట్టి రావడం వాళ్ళకొక ఆచారం. ఆ ముందటేడు మావాళ్ళు మాచర్ల బస్టాండులో "ఓడిపోవుటకు విచ్చేయుచున్న మాచర్ల జట్టుకు నరసరావుపేట స్వాగతం సుస్వాగతం" అని కట్టొచ్చారు. ఊరు ఊరంతా నవ్విందట. మరిది కొడుకు ఏడాదంతా ఆ మంట కడుపులో పెట్టుకున్నాడు.

ఆ యేడు పోటీ ఆదివారం మా ఊళ్ళో. నేను శనివారం అక్కవాళ్ళ ఊళ్ళో ఉన్నాను. మిరపకోతల రోజులు. అక్కా నేనూ కళ్ళంలో కాయలు ఎగదోస్తున్నాం, ఘాటుకి తుమ్ముతూ, తుమ్ముకొకసారి నవ్వుకుంటూ. మధ్యాహ్నం బస్సు దిగి, పక్కింటి పెద్దాయన, మేం బాబాయి అంటాం, పొలం గట్టున పడుతూ లేస్తూ వచ్చాడు. పొద్దున నరసరావుపేట ఆసుపత్రికి వెళ్ళొస్తున్న మనిషి. వచ్చి, అక్క వైపు చూడకుండా నన్ను పక్కకి పిలిచాడు. "అమ్మాయ్, నీకేమన్నా తెలిసిందా?" అన్నాడు. ఏందని అడిగితే ఫోను చూపించాడు. కాలేజీ దగ్గర బస్సు కదిలిపోతుంటే కిటికీలోంచి తీశాడట, మసకమసగ్గా ఉంది. పైన మావాడి ఫోటో. ఫోటోకి దండ. రెండువైపులా దీపాలు. పెద్ద అక్షరాలతో అశ్రునివాళి. కింద మొహాల వరసలో మొదటిది మా మరిది కొడుకుది.

నేను చదువుకున్నదాన్నే. ఇంటర్ పాసయ్యాను, రోజూ పేపరు చదువుతాను. పోటీలకు ముందు ఈ ఫ్లెక్సీల గోల ఉంటుందని కూడా నాకు తెలుసు. అయినా ఆ క్షణాన అదేదీ గుర్తు రాలేదు. బాబాయి అన్న మాటే గుర్తుంది. "నేను గూడా ముందు నమ్మలేదమ్మా. కానీ కింద మీ మాచర్ల పిల్లోడు ఉండాడు. సొంత తమ్ముడి వరసోడే కట్టించాడంటే ఇంక అబద్ధం ఎట్టవుద్ది?" అన్నాడు. నాకూ అదే అనిపించింది. బయటివాళ్ళు ఏమైనా కట్టొచ్చు, మన పిల్లాడు కడతాడా? మధ్యలో సన్న అక్షరాలేవో ఉన్నాయి, మసకలో అవి ఆనలేదు. అయినా దండ వేసిన ఫోటో చూశాక అక్షరాల దాకా ఎవరి కళ్ళు పోతాయండీ?

మావాడికి ఫోను చేశాను. స్విచ్చాఫ్. పోటీకి ముందురోజు ఆటల సారు పిల్లల ఫోన్లన్నీ తీసి దాచేస్తాడని తర్వాత తెలిసింది. మా ఆయన ఊళ్ళో లేడు, మరిది కొడుక్కి చేశాను. మోగింది, కట్ చేశాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్ చేశాడు. నాతో ఆ మాట చెప్పలేక కట్ చేస్తున్నాడని రూఢి చేసుకున్నాను. వాడేమో ఫ్లెక్సీ చూసి పెద్దమ్మ తిట్టడానికే చేస్తోందని భయపడి కట్ చేశాడట! ఈ లోపు నా మొహం చూసి అక్క కాయల మధ్యలో లేచి నిలబడింది. "ఏందే? వాడికేనా?" అంది. నేను ఫోను కొంగు చాటున దాచాను. దాచడమే చెప్పినట్టయింది. బావ టిప్పరు తోలుతూ ఎక్కడో క్వారీలో ఉన్నాడు, అక్కడ ఫోను అందదు. అందనందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

ఆటో ఎక్కాం, అక్కా నేనూ బాబాయీ. మేం ఊరు దాటకముందే వాకిట్లో జనం, షామియానా గుంజలు దించుతున్న మనుషులు. పల్లెల్లో చావుకు జరిగినంత వేగంగా ఇంకేదీ జరగదు. దారి పొడుగునా అక్క ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నేను ఏడ్చాను. కోటప్పకొండకి తీసుకుపోతానని మొక్కుకున్నాను, ఏమని మొక్కుకున్నానో కూడా తెలియకుండా. అక్క మాత్రం రోడ్డు వైపు చూస్తూ ఏవేవో మామూలు మాటలు మాట్లాడింది. "పొద్దున ఏమన్నా తిన్నాడో లేదో" అంది. కాస్త దూరం పోయాక, "వాడి చొక్కాలు రెండు నా దగ్గరే ఉండాయి, ఉతికి మడతపెట్టా" అంది. రాజుపాలెం దాటాక నా వైపు తిరిగి, "ఎవురూ లేని చోట పోయుంటాడంటావా?" అని అడిగింది. అంత నెమ్మదిగా అడిగింది. ఆ గొంతు తలుచుకుంటే నాకిప్పటికీ అన్నం సహించదు.

కాలేజీ గేటు ముందు ఆటో దిగాం. ఎదురుగా ఇంటి గోడంత ఫ్లెక్సీ. అక్కకు చదువు రాదు. ఫోటోలో దండ చూసి అక్కడే నేల మీద కూలబడింది. నేను దగ్గరికెళ్ళి చదివాను. "రేపటి పోటీలో మా జట్టు చేతిలో కన్నుమూయనున్న నరసరావుపేట కెప్టెనుకు ముందస్తు అశ్రునివాళి. ఇట్లు, మాచర్ల కుర్రాళ్ళు." రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చి, "ఎవరమ్మా మీరు? కెప్టెన్ బాబు కోసమా? లోపల ప్రాక్టీసు చేస్తుండాడు" అన్నాడు. వాచ్‌మన్ కాళ్ళకి మొక్కబోయాను, ఆయన భయపడి వెనక్కి గెంతాడు. అక్క దగ్గర కూర్చుని, "బతికే ఉన్నాడే! వేళాకోళానికి కట్టారంట" అన్నాను. అక్క నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "వేళాకోళానికి దండేస్తారంటే?" అంది.

గ్రౌండులోకి వెళ్ళేసరికి మావాడు కూతకెళ్ళి పట్టుబడ్డాడు, ఆరేడుగురు మీద పడి ఉన్నారు. కింద వాడి చెయ్యొక్కటే కనిపిస్తోంది. అక్క పెట్టిన కేకకు గ్రౌండు మొత్తం ఆగిపోయింది. పిల్లలు ఒక్కొక్కళ్ళే లేచారు. ఒళ్ళంతా దుమ్ముతో వాడు లేచి, "అమ్మా, నువ్వేంది ఇక్కడ?" అన్నాడు. అక్క వెళ్ళి ముందు వాడి మెడ తడిమింది. తర్వాత ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. అప్పుడు ఒక్క లెంపకాయ కొట్టింది, ఆ చప్పుడు గోడకు తగిలి తిరిగొచ్చింది. అప్పుడు ఏడ్చింది. వాడికి సంగతి ఒక్క ముక్క తెలియదు, తల్లిని పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు.

ఫ్లెక్సీ కట్టి ఇంకా మా ఊళ్ళోనే ఉన్న మరిది కొడుకు కబురు తెలిసి అరగంటలో పరుగెత్తుకొచ్చాడు. నల్లకళ్ళద్దాలు లేని మొహంలో రక్తం లేదు. వచ్చి అక్క కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయిపోయింది పెద్దమ్మా, నవ్వుకుంటారనుకున్నా" అని వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు వాణ్ణి చీరేద్దామనిపించింది. అక్క మాత్రం తిట్టలేదు. వాడి తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు కట్టినందుక్కాదురా నాయనా. మీ పెద్దమ్మ చేసినప్పుడు ఫోను ఎత్తుంటే నా కొడుకు ఇంకాస్త ముందు బతికేవోడు" అంది. ఆ మాటతో వాడు తిట్టు తిన్నదానికంటే ఎక్కువ కుంగిపోయాడు. తనే నిచ్చెనెక్కి ఫ్లెక్సీ దించి ముక్కలుముక్కలుగా కోశాడు.

రేపటి ఆట వద్దు, ఇంటికి పోదాం పదమన్నాను నేను. సారు కూడా తల వంచుకుని, తీసుకెళ్ళండి అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "వాడు ఆడాల. మా ఊళ్ళో షామియానా ఏశారు, ఈ ఊళ్ళో దండేశారు. వాడు బతికుండాడని అందరూ చూడాల" అంది. మర్నాడు అక్క జీవితంలో మొదటిసారి కబడ్డీ చూసింది. రెండు ఊళ్ళ పిల్లలూ కిక్కిరిసి కూర్చున్నారు గానీ ఒక్కడూ ఈల వెయ్యలేదు, ఒక్క వెక్కిరింపు లేదు. మావాడు కూతకెళ్ళిన ప్రతిసారీ అక్క లేచి నిలబడేది, వాడు గీత దాటి తిరిగొస్తేనే కూర్చునేది. మావాళ్ళే గెలిచారు. చప్పట్లు కొట్టింది మాత్రం ముందు మాచర్లవాళ్ళు.

ఇప్పుడు మావాడు ఆటల కోటాలో పోలీసుద్యోగం చేస్తున్నాడు. పెళ్ళయింది, కూతురు పుట్టింది. మరిది కొడుకు ఆ యేడు తర్వాత ఒక్క ఫ్లెక్సీ మీద ఫోటో వేయించుకోలేదు, తన పెళ్ళికి కూడా. అక్క ఇంట్లో గోడల మీద దేవుళ్ళున్నారు, కేలెండరుంది, బావ ఫోటో ఉంది, కొడుకుది లేదు. పెళ్ళిలో దిగిన పెద్ద ఫ్రేము పాతచీరలో చుట్టి బీరువాలో పెట్టింది. పోయిన నెల వెళ్ళినప్పుడు నాకు విసుగొచ్చి, "ఇన్నేళ్ళయింది గదే, ఇప్పుడన్నా తగిలించవే, ఏం జరిగిందని?" అన్నాను. అక్క మనవరాలికి జడ వేస్తూ, తల ఎత్తకుండా, "నీకు ఇన్నేళ్ళయిందే. నేనింకా ఆ ఆటోలోనే ఉండా" అంది. కాలం మమ్మల్నందరినీ ఎవరి ఇంటి ముందు వాళ్ళను దింపేసి పోయింది, మా అక్కను మాత్రం ఇంకా దించలేదు.