సారు పేజీకి సాక్ష్యం

మా సారు పోయారని కర్నూలు నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను పత్తికొండలో నా విత్తనాల కొట్టులో ఉన్నాను. సరేనమ్మా అన్నాను. ఎదురుగా ఉన్న రైతుకు వేరుశనగ విత్తనం ఇచ్చి పంపాకే షట్టర్ దించాను. బస్సులో కూర్చున్నా ఏడుపు రాలేదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నప్పుడూ రావడం లేదు.

సారు కోడుమూరు కాలేజీలో మాకు చరిత్ర చెప్పారు. రిటైరయ్యాక కర్నూలులో స్థిరపడి, ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు రాసేవారు, ఇతరులు రాసినవి సరిచూసేవారు. నన్నూ అందులోకి లాగారు. ఎవరి మీదైనా పేజీ ఉండాలంటే, ఆ మనిషితో సంబంధం లేనివాళ్లు ఆయన గురించి ఎక్కడో రాసి, అది అచ్చయి ఉండాలి. లేకపోతే చర్చ పెట్టి తీసేస్తారు. ఆ చర్చలకు సారే పంచాయితీ పెద్ద. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోన్ ముక్కుకు ఆనించుకున్నట్టు పట్టుకుని చదివేవారు. "ఎవురు చెప్పినారు? వాళ్లకెవురు చెప్పినారు?" అని గొణుక్కునేవారు. రేపు కరెంటు ఉండదని పక్కింటివాళ్లు చెప్పినా అదే ప్రశ్న. వాళ్లమ్మాయి విసుక్కునేది.

ఒకసారి కోడుమూరు పక్క పల్లెలోని పద్యనాటక కళాకారుడి మీద నేను పేజీ రాశాను. ఆయన సారుకు ప్రాణస్నేహితుడు, అప్పటికే పోయారు. తొలగింపు చర్చ వచ్చింది. నేను ధీమాగానే ఉన్నాను. ఆయన సన్మాన సంచికలో సారే రాసిన వ్యాసాన్ని ఆధారంగా చూపించాను. తీసేయమని మొదట రాసింది సారే. ఒళ్లు మండి, కర్నూలు పోయి అడిగాను.

"సన్మానం రోజు ఎవురన్నా పొగుడుతారప్పా. నేనూ పొగిడినా. స్నేహితుని మాట సాక్ష్యం ఎట్లయితాది?"

"అబద్ధం రాసినారా సార్?"

"లేదప్పా, అంతా నిజమే. నాకు తెలిస్తే సాలదు."

పేజీ పోయింది. ఆ ఎండల్లోనే సారు కడప పోయి, లైబ్రరీలో ఆ స్నేహితుడి గురించిన వార్త కోసం పాత పత్రికలన్నీ తిరగేసి, చొక్కా నిండా దుమ్ముతో వట్టి చేతులతో తిరిగొచ్చారు. దొరికినప్పుడు పెడదాంలే అన్నారు. దొరకలేదు.

సారు పోయినప్పుడు విలేకరులు వివరాలకు నాకే ఫోన్ చేశారు. పత్రికల జిల్లా పేజీల్లో నేను చెప్పిన మాటలే అచ్చయ్యాయి. వాటిని చూపించి పాత విద్యార్థులు సారు మీద పేజీ పెట్టారు. కొద్దిరోజులకే తొలగింపు చర్చ వచ్చింది.

"ఆడ నీ మాటంటే శానామందికి గురి అన్నా. ఉంచమని ఒక్క ముక్క రాయి, సారు పేరు నిలబడతాది," అని వాళ్లలో ఒకడు ఫోన్లో బతిమాలాడు.

ఆ పేజీ ఉండాలని నాకు వాడికంటే ఎక్కువే ఉంది. నాకు అక్షరం విలువ తెలిసింది ఆయన వల్లే. అయినా ఆ వార్తలన్నీ నేను చెప్పినవేనని, నేను ఆయన శిష్యుణ్ణని, వేరే ఆధారమేదీ నా ఎరుకలో లేదని రాశాను. వాడు మళ్లీ ఫోన్ చేయలేదు.

పేజీ తీసేశారు. కోడుమూరు గురించిన వ్యాసంలో మాత్రం సారు పేరు మిగిలింది. పేజీ ఉన్నవాళ్ల పేర్లు అక్కడ నీలంగా ఉంటాయి, లేనివాళ్లవి ఎర్రగా. పొద్దున కొట్టు తెరిచాక ఆ ఎర్ర పేరు మీద వేలు పెడతాను. ఈ పేరుతో పేజీ లేదు, మీరు మొదలుపెట్టవచ్చు అని వస్తుంది. దాని కింద తెల్లటి ఖాళీ. ఎవరో రైతు వచ్చి పిలిచేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటాను.