రైలింజనుకి తెల్ల ఏనుగు

కొరియరు కవరు చింపగానే ఒక వాసన వస్తుంది, కొత్త చెప్పుల డబ్బా మూత తీసినప్పుడు వచ్చేలాంటిది, ప్లాస్టిక్కూ జిగురూ కలిసిన వాసన. తెనాలిలో మా అబ్బాయి ఇంట్లో అది వారానికోసారైనా గుప్పుమంటోంది. మా మనవరాలు హాసినికి పన్నెండేళ్ళు, బొమ్మల కార్డులు పోగేస్తుంది. రెక్కల గుర్రాలూ, నిప్పులు కక్కే బల్లులూ, ఒక్కోటి తమలపాకంత ఉంటుంది, దాన్ని చేత్తో ముట్టుకోకూడదట, తొడుగులో పెట్టి చూడాలట. తన దగ్గర రెండేసి ఉన్నవి ఊరుగాని ఊళ్ళో ఉన్న పిల్లలకి పంపి, లేనివి తెప్పించుకుంటుంది. ఆ కవర్లలో చుట్టి వచ్చే బుడగల ప్లాస్టిక్కుని నేను మడిచి దాస్తాను, ఊరగాయ సీసాలు కట్టడానికి పనికొస్తుందని. ఆ పిల్ల దాన్ని టపటపా నొక్కి పాడుచేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న ఆదివారం ఫోన్లో పెద్ద రగడ. అవతల విశాఖపట్నం పిల్లట. "ముందు నువ్వు పంపు." "అదేం కుదరదు, ముందు నువ్వే." "నేను వీడియో తీసి పెట్టాను కదా?" "నేనూ పెట్టాను కదా?" కంచంలో అన్నం చల్లారిపోతోంది, నెయ్యి పేరుకుపోతోంది. కసురుదామని వెళ్ళినదాన్ని, ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయాను. నవ్వొచ్చింది. నేను ఊరికే నవ్వే మనిషిని కానని ఇంట్లో అందరికీ తెలుసు. మా కోడలు వంటింట్లోంచి తొంగిచూసి, "ఒంట్లో బాగానే ఉందా అత్తయ్యా?" అంది.

మాది రేపల్లె పక్కన పెనుమూడి. కృష్ణ దాటే రేవు. మా నాన్న అక్కడ పడవ నడిపేవాడు. ఇవతల ఒడ్డున మేమూ, అవతల ఒడ్డున దివిసీమా, మధ్యలో ఎండాకాలం ఇసుకా వానాకాలం ఎర్రనీళ్ళూ. పడవ అవతలికి వెళ్ళి మళ్ళీ వచ్చేదాకా జనం ఒడ్డునే కూర్చునేవాళ్ళు, కూర్చున్నవాళ్ళు ఊరుకోరు కదా, తాటిముంజెల కాలమైతే ముంజెలూ, చలికాలమైతే కాల్చిన తేగలూ తినేవాళ్ళు, ఏ కాలమైనా మగాళ్ళు చుట్టలు కాల్చేవాళ్ళు. శివరాత్రికి నదిలో మునకలెయ్యడానికి వచ్చినవాళ్ళు పచ్చి మంచినీళ్ళయినా ముట్టమంటూనే చుట్టలు మాత్రం గుప్పుగుప్పున వదిలేవాళ్ళు, ఉపవాసానికి పొగ అడ్డం కాదు కాబోలు. ఆ చుట్టల వల్ల నాకో లాభం ఉండేది. అగ్గిపెట్టె.

అప్పటి అగ్గిపెట్టెలు పల్చటి చెక్కతో చేసేవాళ్ళు, మీద రంగుల బొమ్మ కాగితం అంటించి ఉండేది. మా ఒడ్డున దొరికేవన్నీ నెమలీ, దీపమూ, మళ్ళీ నెమలీ. బందరు వైపు నుంచి పడవెక్కి వచ్చేవాళ్ళ జేబుల్లో మాత్రం మేం కని విని ఎరగని బొమ్మలుండేవి. నేను అలాంటివాళ్ళని పసిగట్టి పక్కన చేరి, "తాతా, ఇంకెన్ని పుల్లలున్నాయి?" అని అడిగేదాన్ని. రెండో మూడో ఉన్నాయంటే, "ఇంకో చుట్ట కాల్చకూడదా తాతా" అని బతిమాలేదాన్ని. మా అమ్మ ఈ సంగతి విని, "ముసలాళ్ళకి దగ్గు తెప్పించి చంపుతుంది ఇది" అని వీపు మీద ఒకటిచ్చింది.

ఖాళీ పెట్టె చేతికొచ్చాక అసలు పని. దాన్ని చెంబు నీళ్ళలో పడేసి, కాగితం ఉబ్బాక గోరు తగలకుండా ఊడదీసి, అరుగు మీద నీడన ఆరేసి, పాత శుభలేఖ అట్ట కత్తిరించి, అన్నం వార్చిన గంజి చిక్కగా కాచి అంటించి, రోకలి కింద ఒక పూట అణిచిపెట్టాలి. అప్పుడది కార్డవుతుంది. నా దగ్గర బళ్ళ వరస ఒకటుండేది: ఎడ్లబండి, జట్కా, పడవ, బస్సు. రైలింజనొక్కటే లేదు. రేపల్లె పిల్లలెవరికీ లేదు. అది లేని వరస ముక్కుపుడక లేని పెళ్ళికూతురిలా ఉండేది నా కంటికి. అయితే ఇంకెవరికీ లేనిది నా దగ్గర ఒకటుంది, తెల్ల ఏనుగు. ఎర్ర జీను, దంతాలకి పూలదండలు. చల్లపల్లి నుంచి వచ్చిన ఒక ముసలాయన దగ్గర దొరికింది, మళ్ళీ అలాంటి పెట్టె ఆ రేవులో పడలేదు. ఆ ఏనుగు చూడ్డానికి రేపల్లె నుంచి పిల్లలు నడిచొచ్చేవాళ్ళు; చూపించినందుకు ఒక్కొక్కళ్ళూ ఒక తేగ ఇవ్వాలి.

ఐదో తరగతితో బడి మానిపించిన ఏడు, తెనాలిలో మా పెద్దమ్మ కూతురి పెళ్ళి. గుమ్మడికాయ దప్పళం, పులిహోర, బూరెల మీద గుంటచేసి పోసిన నెయ్యి. మగపెళ్ళివారు బాపట్ల వాళ్ళు. వాళ్ళ తరఫున నా ఈడు పిల్ల ఒకతి వచ్చింది, భూలక్ష్మి. వాళ్ళ నాన్న సూర్యలంక ఒడ్డున చేపలు కొని, ఎండబెట్టి అమ్ముతాడు. మగపెళ్ళివారి పిల్లనని మొదటి బంతిలో కూర్చుని ఆ పిల్ల నాలుగు బూరెలు తింది, మేం మూడో బంతి దాకా మాడాం. పందిరి వెనక మాటా మాటా కలిసింది. ఆ పిల్లా నాలాంటిదే, చేపల వేలంపాటలో బేరగాళ్ళు పారేసే అగ్గిపెట్టెలు ఏరుతుందట.

"నా దగ్గర తెల్లేనుగుంది" అన్నాను.

"ఏనుగు తెల్లగా ఉంటదా ఎక్కడన్నా? సున్నం కొట్టారా దానికి?"

"మరి నీ దగ్గరేంటో?"

"రైలింజను. పొగతో సహా."

ఏనుగిస్తే ఇంజనిస్తానంది. సరేనన్నాను. కార్డులు ఇద్దరం ఇంట్లోనే వదిలి వచ్చాం కాబట్టి, ఊళ్ళకి వెళ్ళాక టపాలో పంపుకుందామని చేతిలో చెయ్యి వేసుకున్నాం. ముందు ఎవరు పంపాలన్నది మాత్రం ఇద్దరం అనుకోలేదు.

ఇంటికొచ్చి రాశాను, ముందు నువ్వు పంపు అని. జవాబొచ్చింది: "మేము మగపెళ్ళివారము గనుక ముందు మీరే పంపవలెను." నాకు మండింది. "పిల్లనీ ముందు మేమే ఇచ్చాము, ఏనుగునీ ముందు మేమే ఇవ్వాలా?" అని రాశాను. కవరు ఖరీదు కాబట్టి ఇద్దరం పోస్టు కార్డులే రాసుకునేవాళ్ళం, అక్కడే వచ్చింది తంటా. మా రేవులో చదువొచ్చినవాళ్ళు తక్కువ, అందుకని పోస్టు బాబాయి టీ కొట్టు దగ్గర కూర్చుని ఎవరి ఉత్తరమైనా పైకే చదివేవాడు. మా తగాదా పడవంతా తెలిసిపోయింది. పొలం కేసుల మీద కోర్టుకి పోయేవాళ్ళు కూడా పడవ దిగుతూ, "ఏమే నాంచారీ, బాపట్లోళ్ళు ఇంజను వదిలారా?" అనేవాళ్ళు. పంపితే మోసపోతావని సగం పడవ, పంపమని సగం పడవ.

ఒకరోజు ఈ గోల భరించలేక మా నాన్న, గడ పక్కన పెట్టి, "మన రేవులో ముక్కూ మొహం ఎరగనివాళ్ళు సరుకు పంపుకోవట్లా? ఆకు పద్ధతి లేదా?" అన్నాడు. ఆ పద్ధతేంటంటే, మనిషి వెళ్ళకుండా బుట్టో బస్తానో అవతలికి పంపాలంటే, తాటాకు ముక్క ఒకటి అడ్డంగా చింపి, సగం బుట్టకి కట్టి, సగం ముందు పడవలో అవతలి మనిషికి చేరేసేవాళ్ళు. ఆ రెండు చింపులూ కలిస్తేనే బుట్ట ఇచ్చేది. "సగం వీడి చేతిలో, సగం వాడి చేతిలో. ఇంక ఎవడెక్కడికి పోతాడు?" అన్నాడు నాన్న.

ఎంత తెలివైన మాట అనుకున్నాను. వెంటనే భూలక్ష్మికి రాశాను. ఆ పిల్లకీ నచ్చింది. కత్తెర తీసుకుని, ఏనుగుని నడుం దగ్గర సగానికి కత్తిరించి, వెనక సగం కవర్లో పెట్టి బాపట్ల పంపాను. అటు నుంచి ఇంజను వెనక సగం వచ్చింది. తొండం నేనుంచుకున్నాను కదా, ఆ పిల్లా తక్కువది కాదు, పొగగొట్టం తనుంచుకుని బొగ్గుపెట్టె నాకు పంపింది.

సంబరంగా తీసుకెళ్ళి నాన్నకి చూపించాను. ఆయన సగం ఏనుగునీ సగం ఇంజనునీ అటూ ఇటూ తిప్పి చూసి, పడవ అంచు మీద కూలబడ్డాడు. "ఆకు చింపమన్నానే గానీ సరుకు చింపమన్నానా, మొద్దుదానా! మేకని పంపాలంటే సగానికి కోసి పంపుతావటే?" పడవంతా ఒకటే నవ్వు. అప్పుడు తట్టింది నాకు, మిగతా సగం ముందు ఎవరు పంపాలి అని. మళ్ళీ మొదటికొచ్చింది. "ముందు నువ్వు" అని కార్డు వెళ్ళింది. "ముందు నువ్వే" అని కార్డొచ్చింది. తేగ పట్టుకుని ఏనుగుని చూడ్డానికి వచ్చిన పిల్లలు, సగమే ఉంది కాబట్టి సగం తేగే ఇస్తామన్నారు.

కడుపు మండి, ఇంత అపనమ్మకం దొంగలకే ఉంటుందని రాశాను. దానికి కార్డు రాలేదు, కవరొచ్చింది. అందులో నా ఏనుగు వెనక సగమూ, ఒక చీటీ. పోస్టు బాబాయి యథాప్రకారం గొంతు సవరించుకుని చదివాడు: "నీ ఏనుగు తోక మాకు అక్కరలేదు. దొంగతనము మా ఇంటా వంటా లేదు. నా ఇంజను నువ్వే ఉంచుకుని పచ్చడి నూరుకో. మీ అమ్మగారికి, నాన్నగారికి నా నమస్కారములు. ఇట్లు, భూలక్ష్మి."

"గెలిచావే నాంచారీ!" అంది పడవ. "ఏనుగూ నీదే, సగం ఇంజనూ నీదే. ఊరుకో ఇంక." మా నాయనమ్మ కూడా అదే మాటంది, వాళ్ళే పంపారు, మనం అడిగామా అని. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. తిట్టడానికి కార్డు చాలు కదా, ఈ పిల్ల కవరెందుకు కొంది అన్న ఆలోచన వదల్లేదు. అరుగు మీద కూర్చుని ఎటు తిప్పినా ఒకటే తేలింది. నా సగం నాకు చేర్చడానికే కొంది. నాచేత దొంగ అనిపించుకుని, నా మీద పళ్ళు నూరుతూ, తన ఖర్చుతో నా సొత్తు నాకు పంపింది.

గంజి కాచి ఏనుగుని అతికించాను, నడుం దగ్గర సన్నటి గీత తప్ప ఏమీ తెలీకుండా. ఆ ఏనుగునీ, ఆ పిల్ల సగం ఇంజనునీ ఒకే కవర్లో పెట్టి, రాసేదేమీ లేక ఏమీ రాయకుండా, మా నాన్నకి కూడా చెప్పకుండా బాపట్ల పంపేశాను.

ఇంక చూడండి నా పాట్లు. పోస్టు బాబాయి వస్తాడు, "లేదమ్మా" అంటాడు. మామిడికాయలొచ్చాయి, ఆవకాయలు కలిపేశారు, బాపట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. సంగతి పొక్కింది. "ఏనుగూ పోయె, ఇంజనూ పోయె, వట్టి వెర్రిబాగుల్ది" అన్నారు జనం. పిల్లలెవరూ మా అరుగు ఎక్కడం లేదు. నాయనమ్మ నా మొహం చూసినప్పుడల్లా నిట్టూర్చేది. కృష్ణకి ఎర్రనీళ్ళొచ్చాయి. నేను టీ కొట్టు వైపు చూడ్డం మానేశాను.

ఒక మధ్యాహ్నం ఎండుచేపల గంపతో ఒకావిడ రేవుకొచ్చింది, దివిసీమలో అమ్ముకోవడానికి వెళ్తోందట. "ఇక్కడ నాంచారి అంటే ఎవరమ్మా?" అని అడిగి, గంపలోంచి బాదమాకుల పొట్లం తీసిచ్చింది. విప్పితే ఎండు నెత్తళ్ళు. నెత్తళ్ళ మధ్యలో, అతికించి, అట్ట వేసి, పొగతో సహా, రైలింజను.

"మా భూలక్ష్మి ఇమ్మంది. స్టాంపు దండగని, ఇటొచ్చే మనిషి కోసం ఇన్నాళ్ళూ కాసుక్కూర్చుంది. నెత్తళ్ళు మీ అమ్మకంట."

నా జన్మలో నేను నమ్మిన మొదటి పరాయి మనిషి ఆ పిల్ల. స్టాంపు దండగ అన్న మాట వినగానే, ఇది నా మనిషే అనుకున్నాను. ఇంజను మాత్రం ఎన్ని ఎండల్లో పెట్టినా నీచువాసన వదల్లేదు, దాని కోసం వీధి పిల్లులన్నీ మా అరుగు చుట్టూ తిరిగేవి, బళ్ళ వరసకి కాపలా కాయలేక చచ్చాను. ఆ తరవాత పెళ్ళిళ్ళయ్యేదాకా మా మధ్య ఎన్ని బొమ్మలు వెళ్ళాయో ఎన్ని వచ్చాయో, ముందు ఎవరు అన్న మాట మళ్ళీ రాలేదు. ఆ పిల్లని పొన్నూరిచ్చారు, నన్ను తెనాలిచ్చారు. ఇప్పటికీ భూలక్ష్మి నాకు మిస్డ్ కాల్ ఇస్తుంది, నేనూ తిరిగి మిస్డ్ కాలే ఇస్తాను. ఫోను మాటలకి ఇప్పుడు విడిగా డబ్బు పడదని పిల్లలంటారు గానీ మేమిద్దరం నమ్మం.

ఆ కార్డులు నేను కాపరానికొచ్చాక మా తమ్ముడి పిల్లలు చింపేశారు. ఏటి మీద వంతెన కట్టారు, బస్సు అద్దాలు తెరిచేలోపే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది, పక్కవాడి పేరు కూడా తెలీదు. అగ్గిపెట్టెలు అట్టవయిపోయాయి, ఏ ఊళ్ళో కొన్నా ఒకటే బొమ్మ. పోస్టు మనిషి తెచ్చేవి బ్యాంకు కాగితాలు, వాటిని పైకి చదివి నవ్వేదేముంది? హాసినికీ ఆ విశాఖపట్నం పిల్లకీ తగాదా వస్తే తీర్చడానికో, ఎగదొయ్యడానికో ఒక పడవెడు జనం లేరు. గదిలో ఆ పిల్లా, ఫోనూ.

ఇదంతా చెప్పాక హాసిని అన్నం కలుపుతూ అడిగింది. "అయితే ముందు నన్నే పంపమంటావా నానమ్మా?"

"ఆ."

"రాకపోతే?"

"ఒక కార్డు పోతుంది, ఆ పిల్ల ఎలాంటిదో తెలుస్తుంది. మనిషి సంగతి అంతకంటే చవగ్గా ఎక్కడా తెలీదు. ముందు అన్నం తిను."

సోమవారం పంపేసింది, తన దగ్గరున్నవాటిలోకెల్లా మంచిదట. ఇంకా బదులు రాలేదు. పిల్ల బడికి వెళ్ళాక వీధిలో స్కూటరు ఆగిన చప్పుడైతే నేను గేటు దాకా వెళ్ళొస్తున్నానని మా కోడలు కనిపెట్టేసింది. "ఏంటత్తయ్యా, ఇందాకట్నుంచీ మూడుసార్లు?" అంది. కరివేపాకు కోసం అన్నాను. కరివేపాకు చెట్టు పెరట్లో ఉంది.