సేన్‌దా గేలం రీలుకు కందెన

మా వీధి మిఠాయి కొట్టువాడు ఈమధ్య సింగారాలో, అంటే బెంగాలీ సమోసాలో, వేరుశెనగ పలుకులు వెయ్యడం మానేశాడు. అడిగితే నవ్వుతాడు. పదవీ విరమణ తర్వాత ఇలాంటి అన్యాయాలు మరీ ఎక్కువ కనిపిస్తాయి.

1986 చలికాలంలో నేను కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఒక ఓడల మరమ్మతు కర్మాగారంలో అసిస్టెంట్ కెమిస్టును. ఏ యంత్రానికి ఏ నూనె, ఏ గ్రీజు వాడాలో పరీక్షించి చెప్పడం నా పని. చెప్పింది వినడం మాత్రం ఎవరి పనీ కాదు.

మా ఫోర్‌మన్ సేన్‌దాకు, అంటే మేమంతా పిలిచే సేన్ అన్నకు, గేలమంటే ప్రాణం. ఆ మాఘంలో ఆయన కొడుకు పెళ్లి. పసుపు రోజున వరుడింటి నుంచి వధువింటికి పెద్ద రోహు చేపకు చీర చుట్టి, నత్తు పెట్టి పంపడం బెంగాలీల ఆచారం. ఆ చేపను తన గేలంతోనే పట్టి తెస్తానని సేన్‌దా వియ్యాలవారి నట్టింట్లో మాటిచ్చి వచ్చాడు.

మాటిచ్చిన వారానికే గేలం కర్రకు దారం చుట్టే రీలు బిగుసుకుపోయింది. మా క్రేన్ గ్రీజర్ అప్పలస్వామి, అభిమానం కొద్దీ, క్రేను పళ్లచక్రాలకు పూసే నల్ల గ్రీజును దానికీ దట్టించాడు. రేవు మనుషుల వైద్యం అదే. కిర్రుమన్న ప్రతిదానికీ, ఇంట్లో కుట్టుమిషన్‌తో సహా, ఒకటే మందు. చలికి ఆ గ్రీజు గట్టిపడింది.

"ఏటి బాబూ, అంతేసి కిరేన్ని తిప్పే గిరీసు ఇంత సక్రాన్ని తిప్పదేటి?" అని అప్పలస్వామి నన్నే నిలదీశాడు.

సేన్‌దా పెట్రోలుతో కడిగేద్దామన్నాడు. నేను ఆపాను. రీలు పక్కమూత గాజులాంటి ప్లాస్టిక్. పెట్రోలు తగిలితే సన్నటి పగుళ్లు తేలి, మర బిగించేటప్పుడు విరుగుతుంది. అంతా విప్పి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాం. ప్లాస్టిక్ పళ్లచక్రాలకు సిలికోన్ గ్రీజు రాశాం. అదీ ముందు మూత లోపలి మూల కాస్త రాసి, మర్నాటిదాకా ఆగి, ఏమీ కాలేదని చూశాకే. లోహం మీద లోహం రాసుకునే చోట సిలికోన్ చాలదు కనుక, ఉక్కు ఇరుసుకు మాత్రం పల్చటి మిషన్ నూనె, ఒక్క చుక్క, ప్లాస్టిక్‌కు అంటకుండా.

"సుక్కేటి బాబూ, దిష్టి సుక్కా?" అన్నాడు అప్పలస్వామి.

ఆదివారం ముగ్గురం బడ్జ్ బడ్జ్ దగ్గర ఒక చెరువుకు వెళ్లాం. రీలు చప్పుడు లేకుండా తిరిగింది. పొద్దు వాలేదాకా ఏ ఆటంకమూ లేకుండా తిరిగింది, ముఖ్యంగా చేపల నుంచి.

కందెన ఎంచుకునే ముందు అది ఏ పదార్థాన్ని తాకుతుందో అడగాలని ఆ రీలు నాకు మరోసారి చెప్పింది. కందెన వల్ల రీలు తిరుగుతుందే తప్ప ఇచ్చిన మాట నిలబడదని మాత్రం కొత్తగా తెలిసింది.

పసుపు రోజు పొద్దున్నే బజారు నుంచి ఒక రోహు గుట్టుగా వచ్చింది. సేన్‌దా స్వయంగా దానికి ఎర్రచీర చుట్టాడు. పళ్లెం అప్పలస్వామి మోశాడు. సేన్‌దా, నేను వెనక నడిచాం. వధువింట్లో శంఖాలు ఊదారు. గేలం నైపుణ్యమంటే ఇదీ అని వియ్యంకుడు మెచ్చుకుంటే, సేన్‌దా వినయంగా తల వంచాడు.

అప్పుడు వధువు నాయనమ్మ కర్ర ఊతగా వచ్చింది. చేప ముఖం మీది కొంగు తొలగించి, దాని పెదవులను వేలితో తడిమి చూసింది. సేన్‌దా వైపు తిరిగి బెంగాలీలో అంది:

"గేలానికి పడ్డ చేపైతే నోట్లో గాటేదీ నాయనా? ఇది ఐసులో పడుకుని వచ్చింది."